తిరగేసిన రాట్నం

మా ఫుప్పు అజ్మత్ బీని ఎల్లారెడ్డిలో కళ్ళతో చూసినవాళ్ళు తక్కువ, ఆమె చేతి పరుపు మీద పడుకున్నవాళ్ళు ఎక్కువ. ఫుప్పు అంటే మేనత్త, మా నాయనకు అక్క. మూడేళ్ళప్పుడు వచ్చిన జ్వరం ఆమె రెండు కాళ్ళనూ తీసుకుపోయింది. నడుము కింద పసిపిల్ల, నడుము పైన పహిల్వాన్. ఈ మాట నాది కాదు, ఆమే తన గురించి చెప్పుకుని నవ్వేది.

మాది దూది ఏకే ఇల్లు. ముందు గదిలో దూలానికి తాడు కట్టి మనిషి పొడవు విల్లు వేలాడదీసి ఉండేది. దాని నారిని కొయ్యగుండుతో కొడుతుంటే గడ్డకట్టిన పాత దూది విడిపోయి గదంతా ఎగిరేది. మా నాయన ఇంటింటికీ తిరిగి పాత పరుపులు మోసుకొస్తే, ఫుప్పు నేల మీద కూర్చుని ఏకి, నింపి, కుట్టేది. ఆ పని లేనప్పుడు చిన్న రాట్నం ముందు పెట్టుకుని దారం వడికేది. బజారు దారం పరుపు కుట్టుకు ఆగదని ఆమె పట్టుదల. ఏకిన దూదిని వేలెడు లావున చుడితే వాటిని ఏకులు అంటారు. ఏకు కొస పట్టుకుని లాగుతుంటే రాట్నం దాన్ని దారం చేస్తుంది. చక్రం నుంచి, దారం చుట్టుకునే కదురుకు పోయే తాడు జారకుండా అప్పుడప్పుడు దానికి గుగ్గిలం రాసేది. ఆ వాసనే నాకు ఇంటి వాసన.

నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పటి నుంచి నన్ను పెంచింది ఫుప్పే. తలకు నూనె పెట్టించుకోకుండా నేను పారిపోతే ఆమె వెంటపడి పట్టుకోలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అందుకని ఒక్కసారే పిలిచేది. రెండోసారి కొయ్యగుండు గాల్లో వచ్చేది. ఒక్కనాడూ నాకు తగలనివ్వలేదు, ఒక్కనాడూ నా పక్క గోడకు తగలకుండా పోలేదు. అంత గురి. ఈరోజు నేను నలుగురిలో నోరు పెట్టుకుని బతుకుతున్నానంటే అది ఆమె పెట్టిన అన్నం, ఆమె నేర్పిన నోరు.

ఆమె గడప దాటకపోవడానికి ఒక కారణం ఉంది. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా నాయన ఆమెను వీపు మీద ఎక్కించుకుని దర్గా ఉర్సుకు తీసుకుపోయాడు. వెంట నేనూ ఉన్నాను. గోడ పక్కన కూర్చోబెట్టి ఆయన నీళ్ళకు పోయాడు. అంతలో పేదలకు ఖైరాత్ పంచుతూ వచ్చిన ఒక పెద్దమనిషి, బిచ్చగత్తె అనుకుని ఆమె ఒళ్ళో రెండు రొట్టెలు పెట్టి సాగిపోయాడు. పాపం, ఆయన మంచికే పెట్టాడు. ఫుప్పు ఆ రొట్టెల వంక కాసేపు చూసి, పక్కనున్న ఫకీరుకు ఇచ్చేసింది. నాయన రాగానే, "ఇంటికి పోదాం పా తమ్మీ" అంది. అంతే. ఆ తర్వాత నాయన ఎంత బతిమాలినా బయటికి రాలేదు. డెబ్బై ఎనిమిదిలో నాయనా పోయాడు.

ఇక ఇంట్లో అదొక చట్టమైపోయింది. పెళ్ళికి పోయినా, పక్కూరి దావత్‌కు పోయినా, "ఫుప్పు రాదు గదా" అనుకుని తాళంచెవి ఆమె చేతిలో పెట్టి బయల్దేరేవాళ్ళం. వచ్చేటప్పుడు గిన్నెలో బిర్యానీ తెచ్చేవాళ్ళం. తెచ్చిపెట్టినందుకు మేమేదో పెద్ద పుణ్యం కట్టుకున్నట్టు ఫీలయ్యేవాళ్ళం కూడా.

ఎనభై నాలుగులో నాకు పెళ్ళయి కామారెడ్డి వచ్చాను. మా ఆయన సిరాజుద్దీన్ తోపుడు బండి మీద పండ్లు అమ్మేవాడు. నేను పది మాటలంటే ఆయన ఒకటి అనేవాడు, ఆ ఒకటీ నిదానంగా. అప్పటికే ఎల్లారెడ్డిలో దూది ఏకే మిషన్ వచ్చింది. ఫుప్పు ఒక పరుపుకు తీసుకునే పొద్దులో అది పది పరుపుల దూది ఏకి పారేస్తుంది. మా ఇంట్లో విల్లు మూగబోయింది. ఫుప్పు చిన్న రాట్నం మాత్రం తిరుగుతూనే ఉంది, ఆ దారం కొనేవాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలారు.

ఎనభై ఆరు చలికాలం. కామారెడ్డిలో స్టేషన్ అవతలి ఖాళీ జాగాలో ఎగ్జిబిషన్ వేశారు. బావిలో మోటార్ సైకిల్ తిప్పేవాళ్ళు, నవ్వించే అద్దాలు, అన్నిటికంటే ఎత్తున జనాన్ని ఎక్కించి తిప్పే పెద్ద రాట్నం. నేను రెండు సార్లు పోయి కిందనుంచే చూసి వచ్చాను, ఎక్కే ధైర్యం లేక. ఆ వారంలోనే ఎల్లారెడ్డి పోయాను. మా అన్న తాజుద్దీన్ దుబాయిలో ఉండేవాడు, ఇంట్లో ఫుప్పూ, వదిన తాహేరా. నా నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పు విప్పకముందే మొదలుపెట్టాను.

"ఫుప్పూ, కామారెడ్డిల పెద్ద రాట్నం వచ్చింది! తాటిచెట్టంత ఉంది. ఇంజను పెట్టి తిప్పుతున్నరు. గిర్రున తిరుగుతుంటె మెడలు నొస్తున్నయ్ చూడలేక. వస్తవా చూడనీకి?"

ఆ చివరి మాట నేను అడగాలని అడిగింది కాదు. "తిన్నవా", "పోయొస్త" అన్నట్టు నోటికి అలవాటుగా వచ్చిన మాట. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఫుప్పు చేతిలో దారం ఆగింది.

"ఎన్నడు?" అంది.

వంటింట్లో తాహేరా వదిన చేతిలోంచి గరిటె జారిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. నేను తడబడి, "రేపు" అన్నాను. ఫుప్పు మళ్ళీ దారం లాగుతూ, "మంచిది, పొద్దున బస్సుకే పోదాం" అంది. ఎందుకొస్తానంటోందో, ఏమనుకుని వస్తానంటోందో ఆలోచించే బుర్ర నాకు అప్పుడు లేదు. సంతోషంతో వదిన మెడ పట్టుకుని ఊపాను.

మరునాడు రిక్షాలో బస్టాండుకు వచ్చాం. ఫుప్పు ముఖం చుట్టూ దుపట్టా బిగించి, ఒళ్ళో ఒక గుడ్డ సంచి పెట్టుకుని కూర్చుంది. బస్సు వచ్చింది. రిక్షా తొక్కే అతను ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టింది. బస్సు మొదటి మెట్టు మీద వెనక్కి తిరిగి కూర్చుంది. అరచేతులు రెండు పక్కలా ఆనించి ఒళ్ళంతా పైకి లేపి రెండో మెట్టు మీద కూర్చుంది. మళ్ళీ మూడోది. లోపలున్నవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. నాకు కోపం నెత్తికెక్కింది. ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, కడిగి పారేద్దామని కొంగు బిగించాను. కండక్టర్ నా వంక చూశాడు, ఫుప్పు వంక చూశాడు. బెల్లు తాడు పట్టుకుని అటు తిరిగి రోడ్డు వంక చూస్తూ నిలబడ్డాడు, ఆమె సీట్లో కూర్చుని సర్దుకునేదాకా. అప్పుడు గానీ బెల్లు కొట్టలేదు. నా కోపం ఎక్కడ దింపాలో తెలియక నేనే సిగ్గుపడ్డాను. ఆ మనిషి పేరు నాకు తెలియదు. అల్లా ఆయన్ను చల్లగా చూడాలి.

లింగంపేట దాటాక ఫుప్పు సంచి మూతి విప్పింది. తినడానికేమైనా తెచ్చిందేమోనని వంగి చూశాను. లోపల పన్నెండు ఏకులు. తెల్లగా, ఒక్క తీరున, తడిబట్టలో చుట్టిన తమలపాకుల్లా జాగ్రత్తగా పేర్చి ఉన్నాయి. పక్కన గుడ్డపేలికలో మూటగట్టిన గుగ్గిలం ముద్ద.

"ఇవెందుకు ఫుప్పూ?"

"ఎందుకేంది పిల్లా? రాట్నం కాడికి పోతున్నం, ఉత్త చేతుల్తోని పోతమా? తాటిచెట్టంత రాట్నమంటివి, ఇంజనంటివి. అది ఎసుంటి దారం తీస్తదో నా దూదితోని జూస్త. వాళ్ళు ఒప్పుకుంటె ఒక్క ఏకన్న పెట్టి జూస్త." కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏకుడు పనైతె మిషన్ గుంజుకపోయింది. ఇగ వడుకుడు గూడ పోతదా, ఉంటదా, నా కండ్లతోని జూసుకుంటె అయిపాయె" అంది.

రాట్నం! నేను చెప్పింది జనం ఎక్కి తిరిగే రాట్నం. ఆమె విన్నది దారం వడికే రాట్నం. పుట్టి బుద్ధెరిగాక ఆ ఒక్క రాట్నమే ఎరిగిన మనిషి, ఇంకేం అనుకుంటుంది? పదిహేడేళ్ళ నాడు ఆ రెండు రొట్టెలతో మూసుకున్న గడప, నా తెలివితక్కువ మాట నమ్మి దాటింది. అక్కడికి పోయాక పిల్లలు ఎక్కి కేకలు పెట్టే ఊయలను చూపించి, ఇదే ఫుప్పూ అనాలా? పదిమందిలో ఆమె ఆ ఏకులు బయటికి తీస్తే, వాళ్ళు నవ్వితే? మళ్ళీ ఈ జన్మలో గడప దాటదు. అది తెలిసి కూడా నోరు పెగల్లేదు. చెబితే తాడ్వాయిలోనే దిగుతానంటుంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఏకు మేకయిందని సామెత చెబుతారు, నాకు పన్నెండు ఏకులూ పన్నెండు మేకులై గుచ్చుకున్నాయి.

"ఏందే, నోరు మూతబడ్డది?" అంది తాడ్వాయి దగ్గర.

"కడుపుల తిప్పుతుంది" అన్నాను.

"నీ కడుపులనా?" అని నా ముఖంలోకి ఒకసారి పరీక్షగా చూసి, మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

కామారెడ్డి బస్టాండులో సిరాజుద్దీన్ బండి పెట్టుకుని నిలబడ్డాడు. నేను ముందు రోజే తెలిసినవాళ్ళతో కబురు పంపాను. పండ్లన్నీ తీసేసి, బండి కడిగి, దాని మీద మా పెళ్ళికి ఫుప్పు కుట్టిచ్చిన బొంత పరిచాడు. అది చూసి నేను చుట్టూ జనం వంక చూశాను. తోపుడు బండి మీద మనిషిని తోసుకుపోతే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఫుప్పు మాత్రం పకపకా నవ్వింది.

"ఏంది సిరాజూ, నన్ను పండ్ల లెక్క అమ్ముతవా ఏంది?"

"మీకు బేరం పెట్టెటంతటి మొనగాన్ని కాదు ఫుప్పూ" అన్నాడు ఆయన, నిదానంగానే.

ఆయన బండి పిడి పైకెత్తి ముందు అంచు నేలకు ఆనించాడు. ఫుప్పు చేతుల మీదుగా పాకి ఎక్కింది. ఆయన తాకలేదు. అలా చెయ్యాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆ పూట వరకూ మా ఆయన్ను ఉత్త మెతక మనిషి అనుకునేదాన్ని. అలా అనుకున్నందుకు అక్కడే మనసులో మాఫీ అడిగాను.

అన్నాలు తిని, నాలుగు గంటలకు ఎగ్జిబిషన్ దారి పట్టాం. నేను ప్రతి మూలమలుపులో చెబుదామనుకోవడం, మింగడం. గేటు దాటిన కాసేపటికే అద్దాల రవిక వేసుకున్న ఒక లంబాడా ఆమె బండికి ఎదురొచ్చింది. ఆమె చెయ్యి ఫుప్పు ఒళ్ళోకి చాచింది. మళ్ళీ రొట్టెలేనా అనుకున్నాను. ఆమె చెయ్యి బొంత అంచు మీద ఆగింది. కుట్టు వేళ్ళతో తడిమి చూసింది.

"అవ్వా, బొంత అమ్ముతున్నవా?"

ఫుప్పు నడుము నిటారుగా అయింది. "ఇది అమ్మనీకి గాదు బిడ్డా, నా పిల్ల పెండ్లిది. నీకు గావాల్నంటె ఎల్లారెడ్డికి రా. దూది నీది, కుట్టు నాది."

"చెయ్యి మంచిగుంది" అంది ఆమె. పేరు తారి అని, మాచారెడ్డి దగ్గరి తండా నుంచి వచ్చిందని చెప్పింది. బొంతల మీద మాట్లాడుకుంటూ మాతోపాటే నడిచింది. ఫుప్పును బిచ్చగత్తె అనుకోకుండా బేరగత్తె అనుకున్నందుకు ఆ తారి కాళ్ళు మొక్కాలనిపించింది. ఆమెకేం తెలుసు, ఆమె నాకేం ఇచ్చిందో.

గుడారాలు దాటగానే రాట్నం కనబడింది.

ఫుప్పు తల ఎత్తింది. ఇనుప చక్రం, దానికి వేలాడే తొట్లు, తొట్లలో జనం. చూస్తూ ఉండిపోయింది. ఆమె చెయ్యి సంచి మూతిని పట్టుకుని ఉంది. నేను ఇక ఆగలేకపోయాను.

"ఫుప్పూ, గిది వడికే రాట్నం గాదు. జనాలను తిప్పేది. నేనే సక్కగ చెప్పలేదు. నన్ను కొట్టు, తిట్టు..."

"ఆగు" అంది.

కోపమనుకున్నాను. కాదు, ఆమె వింటోంది. రాట్నం గుంజుకుని గుంజుకుని తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా కీచుమని ఒక అరుపు. కింద డీజిల్ ఇంజను, దాని పక్కన చిన్న గిలక. గిలక నుంచి లావుపాటి తాడు పోయి పెద్ద చక్రం చుట్టూ తిరుగుతోంది. గిలక తిరుగుతోంది గానీ తాడు జారుతోంది. ముందురోజు వాన పడి తాడు నాని, ఎండకు ఆరి వదులైంది. రాట్నం నడిపే మనిషి యాకూబు, నలభై ఏళ్ళవాడు, చొక్కా అంతా నూనె మరకలు. గుప్పిళ్ళతో మట్టి తీసి తాడు మీద చల్లుతున్నాడు. అది పది చుట్లు పట్టి మళ్ళీ జారుతోంది. పైన చిక్కుకున్నవాళ్ళు కేకలు వేస్తున్నారు.

"తమ్మీ, మన్ను చల్లకు. తాడు కొరుకుతది" అని అరిచింది ఫుప్పు.

యాకూబు బండి వైపు చూశాడు. ఆమె కాళ్ళు చూశాడు. "అవ్వా, జర దూరముండు. నీతోని గాదు ఎక్కుడు, నిన్ను ఎక్కించుకుంటె నాకు పరేషాన్" అన్నాడు.

నేను కొంగు దోపాను. నా నోరు తెరుచుకునేలోపే ఫుప్పు నా మణికట్టు పట్టుకుంది. ఆమె పట్టు పడితే నోరు కూడా మూతపడుతుంది.

"నేను ఎక్కనీకి అడగలే తమ్మీ. నలబై ఏండ్లసంది రాట్నం తిప్పుతున్న. గిలకకు గుగ్గిలం పెట్టు, తాడు వట్టుకుంటది."

"నువ్వు రాట్నం తిప్పినవా?" యాకూబు ఆమె కాళ్ళ వంక కాక ఆమె ముఖంలోకి చూడటం అదే మొదలు.

"నాది చిన్నది. పెద్ద చక్రం తిప్పితె చిన్న కదురు తిరుగుతది. నీది తిరగేసిన రాట్నం. చిన్నది తిప్పితె పెద్దది తిరుగుతది. ఎట్లయినా నడుమ తాడే గద. తాడు జారితె నాకు దారం రాదు, నీకు చక్రం రాదు."

యాకూబు తల గోక్కున్నాడు. పైన ఎవరో పిల్ల ఏడుపు అందుకుంది. ఇక ఆలోచించడానికి ఏముంది? ఇంజను ఆపి, సిరాజుద్దీన్‌నూ మరో ఇద్దరినీ పిలిచి, చక్రాన్ని చేతులతో గుంజి ఒక్కొక్క తొట్టినే కిందికి తెచ్చి జనాన్ని దింపారు. దింపాక ఫుప్పు బండి దగ్గరికి వచ్చాడు. "గుగ్గిలం ఏడ దొరుకుతది అవ్వా ఇప్పుడు?"

ఫుప్పు సంచిలోంచి గుడ్డపేలిక తీసింది.

జిలేబీలు చేసే అతని పొయ్యి మీద రేకు డబ్బా మూతలో గుగ్గిలం కరిగించారు. ఇరుసుకు పోసే ఆముదం అందులో నాలుగు చుక్కలు వేయించింది. "ఇంకొంచెం. చాలు చాలు, పులుసు జేస్తున్నవా?" అని యాకూబును కసురుకుంది కూడా. అది జిగటగా అయ్యాక పూయడానికి గుడ్డ వెతుకుతుంటే, "గుడ్డ వద్దు, గాడిల దూరది" అని సంచిలో చెయ్యి పెట్టి ఒక ఏకు తీసింది. దాన్ని గుగ్గిలంలో ముంచి యాకూబు చేతికిచ్చింది. గిలక గాడిలో ఎక్కడ రాయాలో, ఎంత మందం రాయాలో బండి మీద కూర్చునే చెప్పింది. ఒక ఏకు అయిపోతే ఇంకొకటి. అలా ఆరు ఏకులు పోయాయి. ఆమెకు ఎంత ప్రాణమైన దూదో నాకు తెలుసు, ఒక్కటి ఇచ్చేటప్పుడు కూడా చెయ్యి వెనకాడలేదు.

ఇంజను పెట్టారు. తాడు ఒకసారి అదిరింది, పట్టుకుంది. చక్రం తిరిగింది. పూర్తిగా బాగైందని అనను, ఒకచోటికి వచ్చినప్పుడల్లా చిన్నగా మూలుగుతూనే ఉంది. గుంజుడు మాత్రం పోయింది. జనం చప్పట్లు కొట్టారు. యాకూబు నాలుగు చుట్లు ఖాళీగా తిప్పి చూసుకుని, ఇంజను ఆపి, చేతులు తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

"ఉస్తాద్, ఎక్కుతవా?" అన్నాడు.

మా వైపు పనితనంలో పెద్దవాడిని ఉస్తాద్ అంటారు. మా తాతను అనేవారు, మా నాయనను అనేవారు. గది లోపల కూర్చుని నలభై ఏళ్ళు ఆ పనే చేసిన ఫుప్పును ఒక్కరూ ఒక్కనాడూ అనలేదు, నేనూ అనలేదు. ఆమె దుపట్టా సర్దుకుని, "ఎక్కుత" అంది.

ఎత్తడానికి వచ్చిన చేతులను మళ్ళీ ఆపింది. సిరాజుద్దీన్ బండిని తొట్టి పక్కన ఆనించాడు. యాకూబు తొట్టిని కదలకుండా రొమ్ముకు అదిమి పట్టాడు. ఫుప్పు రెండు చేతులతో పై కడ్డీ అందుకుంది. విల్లు కొట్టిన చేతులవి. ఒక్క ఊపున ఒళ్ళంతా లేపి లోపల కూర్చుంది. ఒక పక్క నేను, ఒక పక్క తారి. దుపట్టాతో ఆమె నడుమును కడ్డీకి కట్టాం. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నేను ఈ రాట్నం ఎక్కడానికి భయపడి రెండుసార్లు వెనక్కి పోయినదాన్నని.

సగం ఎత్తు పోయేసరికే నేను కళ్ళు మూసుకుని ఫుప్పు చెయ్యి కరిచి పట్టుకున్నాను. తోడుగా ఎక్కింది నేను, పట్టుకుని కూర్చుంది ఆమె. తారి పడీపడీ నవ్వింది. అన్నిటికంటే పైకి పోయాక యాకూబు చక్రం ఆపాడు. "కండ్లు తెరువవే పిరికిదానా" అంది ఫుప్పు. తెరిచాను. పొద్దు వాలుతోంది. స్టేషన్లో గూడ్సు బండి, ఇండ్ల పైకప్పులు, వాటి అవతల చేన్లు, ఆ చేన్ల నడుమ నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు. ఫుప్పు అన్నీ చూస్తోంది, తొందర లేకుండా.

"మీ నాయిన ఈపు మీద ఎక్కినప్పుడు గిట్లనే కనపడేది. జనాల నెత్తులు కిందికి, నేను మీదికి" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకో చెప్పమంటే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. సంతోషం, నాయన మీద బెంగ, ఎవరూ నవ్వలేదన్న నిశ్చింత, అన్నీ కలిసి వచ్చాయి. ఫుప్పు నా ముక్కు తన దుపట్టా కొసతో తుడిచింది, నాలుగేళ్ళ పిల్లకు తుడిచినట్టే, గట్టిగా, ముక్కు ఊడివచ్చేలా.

మరునాడు ఆమెను దింపడానికి నేనే ఎల్లారెడ్డి బస్సెక్కాను. సంచిలో మిగిలిన ఆరు ఏకులున్నాయి. కాసేపటికి నేనే నోరు తెరిచాను.

"ఫుప్పూ, నిన్న బస్సులనే చెప్పాల్సుండె. వడికే రాట్నం గాదని నాకు అప్పుడే తెలిసింది. నువ్వు దిగిపోతవని భయపడ్డ."

"నాకు గూడ తెలిసింది."

"ఎప్పుడు?"

"తాడ్వాయి కాడ. నోట్ల నువ్వుగింజ నాననిదానివి, ఏకులు జూడంగనే మూగదానివైతివి. కడుపుల తిప్పుతుందంటివి. రాట్నం రాట్నం గాదని సమజైంది."

"మరి ఎందుకొచ్చినవ్?"

ఫుప్పు సంచి మూతి బిగించి ముడి వేసింది.

"నువ్వు వస్తవా అని అడిగినవ్ గద. మీ నాయిన పోయి ఎనిమిదేండ్లు. అందరు నా చేతుల తాళంచెవి పెట్టిపోయిండ్రు. ఒక్కరన్న వస్తవా అని అడిగిండ్రా? ముందుగాల రాట్నం కోసమనే బయలెల్లిన. రాట్నం గాదని తెలిసినంక, పోనీ, పిల్ల పిలిచింది గద అని వచ్చిన."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. ఎండ కాస్తోందన్నంత మామూలుగా అంది. నేను తల వంచుకున్నాను. రాదు, రాదు అని మేమే అనుకున్నాం, మేమే చట్టం చేశాం, గిన్నెలో బిర్యానీ తెచ్చి చేతులు దులుపుకున్నాం. ఎత్తుకుపోయేవాళ్ళు లేక కాదు ఆమె ఆగిపోయింది, పిలిచేవాళ్ళు లేక.

ఆ తర్వాత ఫుప్పు పదకొండేళ్ళు బతికింది. చిన్న రాట్నం చివరిదాకా తిరిగింది. మరుసటి ఏడు చలికాలంలో తారి తన తండా ఆడవాళ్ళను ముగ్గురిని వెంటబెట్టుకుని దూది మోసుకుని ఎల్లారెడ్డి వచ్చింది. ఫుప్పు వాళ్ళ బొంతలు కుడుతూ, ఎగ్జిబిషన్ సంగతి వాళ్ళకు చెప్పేది. "కామారెడ్డి రాట్నాన్ని తిప్పిన దూది ఇదే" అని మిగిలిన ఏకులు చూపించేది. నేను ఎక్కడికి బయల్దేరినా ముందు ఆమెను అడిగేదాన్ని. పెళ్ళికి అడిగాను, పోచారం చెరువు కట్ట మీద నీళ్ళు దూకుతుంటే చూడటానికి అడిగాను, ఎల్లారెడ్డి వచ్చినప్పుడు ఊరికే బజారుకు పోతూ కూడా అడిగాను. సగం సార్లు, "పనుంది, రాను పోవే" అనేది. ఆ రాను అనే మాట ఆమె నోట వినడం నాకు ఎంత ఇష్టంగా ఉండేదో. సగం సార్లు సంచి సర్దుకునేది.

ఒక్క సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. ఆనాడు "వస్తవా" అన్నది నేను పిలవాలని పిలిచింది కాదని, నోటికి ఊరికే వచ్చిందని. ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. నా నోట్లో నానిన నువ్వుగింజ అదొక్కటే.